నుదుటి మీద బరువు, బుగ్గల్లో నొక్కుడు: అది సైనసేనా?

మీ ప్రశ్న నాకు ఇలా అర్థమైంది. కొన్ని నెలలుగా నుదుటి మీద, కళ్ళ మధ్య, బుగ్గల్లో బరువుగా, లోపలి నుంచి ఎవరో నొక్కుతున్నట్టు ఉంటోంది. కిందికి వంగితే ఎక్కువవుతుంది. వాతావరణం మారినప్పుడల్లా వస్తుంది. వచ్చినప్పుడు ముక్కు కాస్త బిగుసుకుంటుంది, ఒక కంట్లోంచి నీరు కూడా వస్తుంది, కానీ చీమిడి పెద్దగా ఉండదు. రెండుసార్లు యాంటీబయాటిక్ కోర్సు వాడారు, తగ్గింది, మళ్ళీ వచ్చింది. స్కాన్ రిపోర్టులో సైనస్‌లో పొర కొద్దిగా మందంగా ఉందని రాశారు. ఇంట్లో అందరూ సైనసే అంటున్నారు. నిజంగా సైనసేనా, ఎలా గుర్తుపట్టాలి అని అడిగారు.

చెవి, ముక్కు, గొంతు డాక్టరుగా ఈ ఫిర్యాదు ఏళ్ళ తరబడి వింటున్నాను. మీరు రాసినదాంట్లో నేను ఆగింది 'చీమిడి పెద్దగా ఉండదు' అన్నచోట. సైనస్ జబ్బుని పట్టించేది ముఖంలో నొప్పి కాదు, ముక్కు. ముక్కు బాగానే ఉండి ముఖం మాత్రమే నొప్పి పెడుతుంటే అది సైనస్ ఇన్ఫెక్షన్ అయ్యే అవకాశం చాలా తక్కువ. ఎందుకో చెప్పాలంటే అక్కడ లోపల ఏం జరుగుతుందో కొంచెం తెలియాలి.

ముక్కు చుట్టూ ఉన్న ఎముకల్లో నాలుగు జతల గాలి గదులుంటాయి. బుగ్గ ఎముకల్లో ఉండే మాక్సిలరీ సైనస్‌లు అన్నిటికంటే పెద్దవి. ముక్కు దూలానికి రెండు పక్కలా, కళ్ళ మధ్య, చిన్న చిన్న అరల గుంపుగా ఎత్మాయిడ్ సైనస్‌లు. కనుబొమ్మల పైన ఫ్రాంటల్. ముక్కుకి బాగా వెనక, తల నడిమధ్యన స్ఫీనాయిడ్. వీటి గోడలకి లోపల ముక్కులో ఉన్నలాంటి తడి పొరే ఉంటుంది. ఆ పొర రోజంతా కాస్త కాస్త జిగురు ఊరిస్తూనే ఉంటుంది. దాని మీద కంటికి కనపడని సన్నటి నూగు ఉంటుంది, సిలియా అంటారు. అవి ఆగకుండా కదులుతూ ఆ జిగురుని ద్వారం వైపు తోసి ముక్కులోకి పంపిస్తాయి. మనకి తెలియకుండానే దాన్ని మింగేస్తుంటాం.

చిక్కంతా ఆ ద్వారంతోనే. బుగ్గ సైనస్‌కి ద్వారం అడుగున లేదు, పైన, కంటి గూడుకి దగ్గరగా ఉంది. తూము నేల మీద కాకుండా పైకప్పు దగ్గర పెట్టిన గదిలా అన్నమాట. నిలబడి ఉన్న మనిషిలో అందులోని జిగురు దానంతటది జారి బయటికి పోలేదు. సిలియా ఎత్తిపోస్తేనే పోతుంది. ద్వారమూ పెద్దదేం కాదు, కొన్ని మిల్లీమీటర్లు. జలుబు చేసిందంటే పొర వాచి ఆ ద్వారం బిగుసుకుంటుంది, సిలియా కదలిక కూడా మందగిస్తుంది. లోపల చిక్కుకున్న గాలిని పొర మెల్లగా పీల్చుకుంటుంది. మొదట లాగుతున్నట్టు, ఆ తర్వాత జిగురు నిండేకొద్దీ నొక్కుతున్నట్టు అనిపించేది ఇందుకే. అంటే అసలైన సైనస్ ప్రెషర్ ముక్కులో మొదలై సైనస్‌కి పాకుతుంది. ముక్కుని వదిలేసి నేరుగా నుదుటి మీద వచ్చి కూర్చోవడం అరుదు.

నొప్పి ఎక్కడ తెలుస్తుందన్నది ఏ సైనస్ పట్టిందన్నదాన్ని బట్టి ఉంటుంది. బుగ్గ సైనస్ అయితే కంటి కింద, చెంప ఎముక మీద బరువు. పై దవడలో వెనక పళ్ళు రెండు మూడు కలిసి సలుపుతాయి, మెట్లు దిగుతుంటే ఆ పళ్ళు అదిరినట్టు ఉంటుంది. ఫ్రాంటల్ అయితే కనుబొమ్మ పైన నొప్పి, పొద్దున్న లేచాక మొదలై మధ్యాహ్నానికి ముదిరి సాయంత్రానికి తగ్గడం దాని తీరు. ఎత్మాయిడ్ నొప్పి ముక్కు దూలం దగ్గర, కంటి వెనక ఉంటుంది. స్ఫీనాయిడ్ మాత్రం మోసం చేస్తుంది, నడినెత్తినో తల వెనకో నొప్పి పెట్టి ముక్కు మీద అనుమానమే రానివ్వదు. ఇదంతా చదివి అద్దం ముందు నిలబడి ముఖం మీద వేళ్ళతో నొక్కి చూసుకోవడం మొదలుపెట్టకండి. నొక్కితే నొప్పి అనిపించడం మైగ్రేన్‌లోనూ ఉంటుంది, దవడ కండరాలు పట్టేసినా ఉంటుంది. చోటుని బట్టి జబ్బు పేరు పెట్టడం కుదరదు.

మరి ముక్కు దగ్గర ఏం చూడాలి? నాలుగు సంగతులు. ముక్కు దిబ్బడ, అంటే ఒకవైపో రెండువైపులో గాలి ఆడకపోవడం. చిక్కటి, రంగు మారిన చీమిడి ముందుకి కారడమో, గొంతు వెనక్కి దిగడమో. ముఖంలో నొప్పి లేదా బరువు. వాసన తగ్గడం. దీర్ఘకాలపు సైనసైటిస్, అంటే సైనస్ పొర వాపు, అనాలంటే వీటిలో కనీసం రెండు 12 వారాలు, అంతకు మించి ఉండాలి, ఉత్త నొప్పీ వాసన తగ్గడమూ చాలవు, దిబ్బడో చీమిడో ఒకటి ఉండి తీరాలని చాలామంది పట్టుబడతారు, నేనూ అంతే. పైగా ఎండోస్కోపీలోనో (ముక్కులోకి సన్నటి కెమెరా గొట్టం పెట్టి చూడటం), సీటీ స్కాన్‌లోనో వాపు కంటికి కనపడాలి. నాలుగు వారాల లోపు తగ్గిపోయేది అక్యూట్.

ఈ నాలుగింటిలో జనం అస్సలు పట్టించుకోనిది వాసన. నొప్పి గురించి పది నిమిషాలు చెప్పినవాళ్ళు కూడా వాసన తెలుస్తోందా అంటే ఆలోచనలో పడతారు. ఇంట్లోనే చూసుకోవచ్చు. కళ్ళు మూసుకుని, ఒక ముక్కు రంధ్రం వేలితో మూసి, రెండో దాని దగ్గర సబ్బు పెట్టుకోండి. తర్వాత రెండో వైపు. రెండువైపులా వాసన బాగా తెలిసి, గాలి బాగా ఆడుతూ, గొంతులోకి ఏమీ దిగకుండా ఉంటే మీ ముఖంలో బరువుకి కారణం వేరే చోట వెతకాలి.

వీటికి తోడుగా వచ్చేవి కొన్ని ఉన్నాయి. పడుకోగానే దగ్గు, మాటిమాటికీ గొంతు సవరించుకోవడం, నోటి దుర్వాసన, చెవులు మూసుకున్నట్టు ఉండటం, ఒళ్ళంతా నీరసం. ఇవి సైనస్‌కి మాత్రమే సొంతం కావు, కానీ ముక్కు లక్షణాలతో కలిసి వస్తే బలమైన సాక్ష్యమే.

ఇక కారణాలు. అన్నిటికంటే ముందు మామూలు జలుబు. జలుబు చేసిన ప్రతి మనిషికీ సైనస్‌లో ఎంతో కొంత వాపు ఉంటుందనుకోవచ్చు. 1994లో వచ్చిన ఒక అధ్యయనంలో, జలుబు మొదలై నాలుగు రోజులు దాటని 31 మందికి సీటీ తీస్తే 87 శాతం మందిలో బుగ్గ సైనస్‌లో తేడా కనిపించింది. రెండు వారాలకి మళ్ళీ తీసిన వాళ్ళలో ఎక్కువమందికి యాంటీబయాటిక్ ఏమీ లేకుండానే అది మాయమైపోవడమో, బాగా తగ్గడమో జరిగింది. కాబట్టి జలుబులో ముఖం బరువెక్కిందంటే బ్యాక్టీరియా చేరిందని అర్థం కాదు. వైరస్ పనే అది. పెద్దవాళ్ళలో నూరు జలుబులకి మహా అయితే రెండు బ్యాక్టీరియా సైనసైటిస్‌గా మారతాయి.

ఆ రెండిటినీ పట్టుకునేది ఎలా అంటే, రోజులు లెక్కపెట్టి. మూడు తీరులు చూస్తాం. పది రోజులు గడిచినా ఏమాత్రం మెరుగు లేకపోవడం ఒకటి. మొదటి నుంచే 102 డిగ్రీల ఫారెన్‌హీట్ లేదా ఆ పైన జ్వరంతో, చీము లాంటి చీమిడి లేదా ముఖంలో తీవ్రమైన నొప్పి వరసగా మూడు నాలుగు రోజులు ఉండటం ఇంకొకటి. మూడోది నన్నడిగితే ఎక్కువగా నమ్మదగినది: జలుబు ఐదారు రోజులకి తగ్గుముఖం పట్టి, హమ్మయ్య అనుకునేలోపు మళ్ళీ జ్వరం, తలనొప్పి, చీమిడి తిరగబెట్టడం. ఈ మూడిటిలో ఏదీ లేనప్పుడు యాంటీబయాటిక్ మీద ఆశపెట్టుకోవడం అనవసరం.

చీమిడి రంగు గురించి ఒక్క మాట. పచ్చగా, ఆకుపచ్చగా వచ్చిందంటే బ్యాక్టీరియా అని, యాంటీబయాటిక్ కావాలని అనుకోవడం చాలా గట్టిగా పాతుకుపోయిన నమ్మకం. ఆ ఆకుపచ్చ రంగు మన తెల్లరక్తకణాల్లో ఉండే మైలోపెరాక్సిడేజ్ అనే ఎంజైమ్‌ది. వైరస్‌తో పోరాడటానికి వచ్చిన కణాలు కూడా అదే రంగు వదులుతాయి. రాత్రంతా నిలవ ఉన్న చీమిడి పొద్దున్నే మరీ పచ్చగా ఉంటుంది. రంగు చూసి కంగారు పడకండి. ఎన్నాళ్ళ నుంచి, ఒకవైపేనా, కంపు కొడుతోందా అన్నవే పనికొచ్చే ప్రశ్నలు.

జలుబు తర్వాతి స్థానం ఎలర్జీది. దీని గుర్తు దురద. ముక్కు దురద, కళ్ళ దురద, అంగిలి దురద, వరసపెట్టి తుమ్ములు, నీళ్ళలా కారే ముక్కు. దుమ్ములో ఉండే మైట్స్ అనే కంటికి కనపడని పురుగులు, పుప్పొడి, బూజు, పెంపుడు జంతువుల నుంచి రాలే పొట్టు, ఇవి సాధారణంగా కారకాలు. ఎలర్జీలో పొర నెలల తరబడి ఉబ్బి ఉంటుంది కాబట్టి ముఖంలో మొద్దు బరువు ఉండొచ్చు, కానీ పోటు, చీము, జ్వరం ఉండవు. సిగరెట్ పొగ, ఘాటైన సెంట్లు, చల్లగాలి తగలగానే ముక్కు మూసుకునేవాళ్ళు వేరే. వాళ్ళ ఎలర్జీ పరీక్షలన్నీ నార్మల్‌గా వస్తాయి.

ఇంకో కారణం మనం చేజేతులా తెచ్చుకునేది. మా గదికి వచ్చి కూర్చున్నాక కొందరు జేబులోంచి చిన్న ప్లాస్టిక్ సీసా తీసి బల్ల మీద పెడతారు. మూత మీద గీతలు పడి, లేబుల్ అరిగిపోయి ఉంటుంది. ఇది లేకపోతే నిద్ర పట్టదు డాక్టర్ అంటారు. అందులో ఉండేది ముక్కులో వేసుకునే చుక్కల మందు, జైలోమెటాజోలిన్ లేదా ఆక్సీమెటాజోలిన్. వేసుకున్న కొన్ని నిమిషాలకే ముక్కు తెరుచుకుంటుంది, అందుకే అంత ప్రేమ. వరసగా మూడు, మహా అయితే ఐదు రోజులు దాటితే మందు దిగగానే పొర మునుపటి కంటే ఎక్కువగా ఉబ్బుతుంది. దానికి మళ్ళీ అదే మందు. ఇలా నెలలు, ఏళ్ళు గడిపేసినవాళ్ళు ఉన్నారు. ముక్కులోకి చూస్తే పొర ఎర్రగా, బొద్దుగా ఉంటుంది. బయటపడే దారి ఉంది: స్టెరాయిడ్ స్ప్రే మొదలుపెట్టి, ముందు ఒక రంధ్రంలో ఈ చుక్కల్ని మానేసి, అది కుదుటపడ్డాక రెండోదాంట్లో మానడం. మొదటి వారం పది రోజులు విసుగ్గానే ఉంటుంది. మీరు ఇలాంటి చుక్కలేమైనా వాడుతున్నారా? మీ ప్రశ్నలో ఆ ఊసు లేదు, కానీ ఇది మందు కిందికి రాదనుకుని చెప్పనివాళ్ళే ఎక్కువ.

ముక్కు లోపలి గోడ వంకరగా ఉండటం గురించి జనం చాలా భయపడతారు. నిటారుగా గీత గీసినట్టు ఉన్న గోడలు నిజానికి తక్కువే. వంకర వల్ల గాలి ఆడకపోతే సరిచేయించుకోవచ్చు. ముక్కు బాగా ఆడుతూ తలనొప్పి మాత్రమే ఉన్నవాళ్ళకి ఆ ఆపరేషన్ చేస్తే తలనొప్పి పోతుందని నేను మాట ఇవ్వను. పాలిప్స్ సంగతి ఇంకో రకం. ఇవి ముక్కు పొర నుంచి వేలాడే మెత్తటి, లేత బూడిద రంగు కండలు. వీటిలో నొప్పి పెద్దగా ఉండదు, వాసన పోతుంది, ముక్కు మూసుకుపోతుంది, మాట ముక్కుతో మాట్లాడినట్టు వస్తుంది. పాలిప్స్‌తో పాటు ఆస్తమా ఉండి, ఆస్పిరిన్, ఐబూప్రొఫెన్ లాంటి మాత్రలు వేసుకుంటే ఆయాసం వచ్చేవాళ్ళు కొందరు ఉంటారు. ఆ మూడూ ఒకే జబ్బులో భాగం, డాక్టర్‌కి తప్పకుండా చెప్పాలి.

విమానం దిగేటప్పుడు, నీటి లోతుకి డైవింగ్ చేసేటప్పుడు కనుబొమ్మ పైన కత్తితో పొడిచినట్టు నొప్పి వస్తే అది బయటి గాలి పీడనానికీ సైనస్ లోపలి పీడనానికీ పొత్తు కుదరక వచ్చేది. కాస్త రక్తం కూడా రావచ్చు. బాగా జలుబుగా ఉన్నప్పుడు డైవింగ్ మానుకోవడమే మంచిది.

పంటి సంగతి మాత్రం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇది తరచూ తప్పిపోతుంది. పై దవడ వెనక పళ్ళ వేళ్ళకీ బుగ్గ సైనస్ అడుగుకీ మధ్య పలచటి ఎముకే ఉంటుంది, కొందరిలో అదీ ఉండదు. పన్ను వేరు దగ్గర చీము పట్టినా, పన్ను తీసినచోట సైనస్‌లోకి రంధ్రం పడినా, ఇంప్లాంట్ లోపలికి చొచ్చుకుపోయినా సైనస్ నిండిపోతుంది. ఒకావిడ కుడి ముక్కు నుంచి మాత్రమే దుర్వాసన వస్తోందని నెలల తరబడి తిరిగారు. పక్కన కూర్చున్నవాళ్ళకి వాసన వస్తుందేమోనని నోటికి రుమాలు అడ్డం పెట్టుకుని మాట్లాడేవారు. పంటి నొప్పి ఏమీ లేదన్నారు. ఎండోస్కోప్ పెట్టి చూస్తే కుడివైపు మధ్య సందులోంచి సన్నగా చీము గీతలా దిగుతోంది, ఎడమవైపు శుభ్రంగా ఉంది. ఎప్పుడో రూట్ కెనాల్ చేయించుకున్న పై పన్ను వేరు కొసన, స్కాన్‌లో, నల్లటి వలయం. రూట్ కెనాల్ అయిన పంటికి నరం ఉండదు కాబట్టి నొప్పి తెలియలేదు. ఆ పంటికి వైద్యం అయ్యాకే ముక్కు బాగుపడింది. ఒకవైపే ఉండి, కంపు కొట్టే చీమిడి అంటే పెద్దవాళ్ళలో ముందు పన్ను గుర్తుకు రావాలి. చిన్నపిల్లల్లో అయితే ముక్కులో దూర్చుకున్న పూసో, స్పాంజి ముక్కో, బటన్ బ్యాటరీయో. బ్యాటరీ అయితే గంటల్లోనే లోపలి పొరని కాల్చేస్తుంది, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి.

ఇప్పుడు మీ విషయానికి వస్తాను. నాకు తెలిసి 'నాది సైనస్ తలనొప్పి' అని వచ్చేవాళ్ళలో ఎక్కువమందికి ఉండేది మైగ్రేన్. ఇది నా ఒక్కడి అభిప్రాయం కాదు. తమకి సైనస్ తలనొప్పి ఉందని చెప్పిన 2,991 మందిని పరీక్షించిన ఒక అధ్యయనం 2004లో వచ్చింది. వాళ్ళలో 88 శాతం మంది లక్షణాలు మైగ్రేన్ తరహాలోనే ఉన్నాయి.

మైగ్రేన్ అంటే సగం తల పగిలిపోవడం, వాంతులు, చీకటి గదిలో పడుకోవడం అనుకుంటాం. అలా ఉండాలని లేదు. ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ అనే నరం మైగ్రేన్‌లో రేగుతుంది. అదే నరం నుదురు, కళ్ళు, బుగ్గలు, సైనస్ పొరలు, పై పళ్ళు అన్నిటికీ వెళ్తుంది. అందుకే నొప్పి అచ్చంగా సైనస్ ఉన్నచోటే తెలుస్తుంది. అది రేగినప్పుడు దానితో ముడిపడ్డ ఇంకో నరాల దారి కూడా కదిలి ముక్కు పొర ఉబ్బుతుంది, నీళ్ళు కారతాయి, కన్ను చెమ్మగిల్లుతుంది. ముక్కు బిగిసింది కాబట్టి తలనొప్పి వచ్చిందని మనం అనుకుంటాం, జరిగింది దానికి తిరగేసి. వాతావరణం మారితే రావడం కూడా మైగ్రేన్‌కి బాగా తెలిసిన లక్షణమే. వంగితే ఎక్కువవడం రెండిటిలోనూ ఉంటుంది కాబట్టి దాంతో ఏదీ తేలదు.

తేల్చేవి వేరే ఉన్నాయి. నొప్పి వచ్చినప్పుడు వెలుతురు, శబ్దం చిరాకు పెడుతున్నాయా? కడుపులో తిప్పుతుందా, తినబుద్ధి కాకుండా ఉంటుందా? మెట్లెక్కినా, నాలుగడుగులు గబగబా నడిచినా పోటు పెరిగి, పని ఆపి కూర్చోవాలనిపిస్తుందా? వచ్చిన నొప్పి కొన్ని గంటల నుంచి మూడు రోజుల్లో పోయి, మధ్య రోజుల్లో పూర్తిగా మామూలుగా ఉంటున్నారా? నిద్ర తప్పినా, భోజనం ఆలస్యమైనా, నెలసరి దగ్గరపడినా వస్తుందా? ఇంట్లో అమ్మకో అక్కకో ఇలాంటి 'సైనస్' ఉందా? వీటిలో మూడు నాలుగింటికి అవునంటే నేను మైగ్రేన్ వైపే మొగ్గుతాను. బ్యాక్టీరియా సైనసైటిస్ రెండు రోజులు వచ్చి, మాయమై, పదిహేను రోజులకి మళ్ళీ రావడం అనే పద్ధతి పాటించదు.

మరి యాంటీబయాటిక్‌తో ఎందుకు తగ్గింది అంటారేమో. దాంతోపాటు ఏమేం రాశారో ఆ చీటీ ఒకసారి తీసి చూడండి. సాధారణంగా నొప్పి మాత్ర, ముక్కు దిబ్బడకి మాత్ర కూడా ఉంటాయి. తగ్గించింది నొప్పి మాత్ర కావచ్చు. అసలు మైగ్రేన్ ఏ మందూ లేకపోయినా 72 గంటల్లోపు మామూలుగా తగ్గిపోతుంది. తగ్గే వేళకి చేతిలో ఏ మందుంటే మంచి పేరు దానికే వస్తుంది.

స్కాన్ రిపోర్టు గురించి కూడా బెంగ వద్దు. పొర కొద్దిగా మందంగా ఉందన్న మాట ఏ ఇబ్బందీ లేనివాళ్ళ స్కాన్లలో కూడా కనిపిస్తూ ఉంటుంది. ఆ ముందు వారాల్లో జలుబు చేసి ఉంటే మరీను. మామూలు అక్యూట్ సైనసైటిస్‌కి స్కాన్ అక్కర్లేదు, ఎక్స్‌రే అయితే దాదాపు దండగ. 12 వారాలు దాటిన జబ్బుకి, ఆపరేషన్ ఆలోచనకి, ఏదైనా ప్రమాదం అనుమానించినప్పుడు సీటీ తీయిస్తాం. అదీ వీలైతే జబ్బు కాస్త నెమ్మదించాక.

సైనస్‌లా నటించేవి ఇంకా ఉన్నాయి, గబగబా చెప్పేస్తాను. తల చుట్టూ పట్టీ బిగించినట్టు రెండువైపులా ఉండి, పని ఆపుకోవాల్సినంత కాకుండా ఉండేది టెన్షన్ తలనొప్పి. పొద్దున్న లేవగానే బుగ్గలు, కణతలు నొప్పి, నమిలితే ఎక్కువ, చెవి ముందు కటుక్కుమని శబ్దం ఉంటే దవడ కీలు. బుగ్గ మీద గాలి తగిలినా, ముఖం కడుక్కున్నా కరెంటు షాక్‌లా క్షణాల పాటు కొడితే ట్రైజెమినల్ న్యూరాల్జియా. ఒకే కంటి చుట్టూ భరించలేని పోటు పావుగంట నుంచి మూడు గంటలు, ఆ సేపు కూర్చోలేక అటూ ఇటూ తిరగడం, అదే వైపు కన్నూ ముక్కూ కారడం క్లస్టర్ తలనొప్పి. కన్ను ఎర్రబడి, నొప్పితో చూపు మసకబారి, దీపం చుట్టూ రంగు వలయాలు కనపడితే అది కంటిలో పీడనం పెరగడం కావచ్చు, ఆ రోజే కంటి డాక్టర్ చూడాలి. యాభై దాటినవాళ్ళకి కొత్తగా కణత నొప్పి, దువ్వెన తగిలితే మాడు నొప్పి, నమిలేకొద్దీ దవడ అలిసిపోవడం ఉంటే రక్తనాళాల వాపు కావచ్చు. అదీ ఆగకూడనిదే, చూపు పోయే ప్రమాదం ఉంది.

చిన్నపిల్లల గురించి అడగలేదు కానీ చెప్పడం మంచిది. ఫ్రాంటల్ సైనస్ పుట్టుకతో ఉండదు. ఏడెనిమిదేళ్ళకి కాస్త రూపం వచ్చి టీనేజీ అంతా పెరుగుతుంది. నాలుగేళ్ళ పిల్లాడు నుదురు పట్టుకుంటే అది ఫ్రాంటల్ సైనస్ అయ్యే అవకాశం చాలా తక్కువ. పిల్లల్లో సైనసైటిస్ అంటే నొప్పి కన్నా పది రోజులు దాటినా ఆగని చీమిడి, పగలు కూడా ఉండే దగ్గు.

ఇంట్లో చేసుకోదగ్గవి కొన్నే, కానీ సరిగా చేస్తే పనిచేస్తాయి. ఉప్పునీటితో ముక్కు కడగడం నేను అందరికీ చెప్తాను. మరగబెట్టి చల్లార్చిన నీరో, డిస్టిల్డ్ నీరో మాత్రమే వాడాలి. కుళాయి నీటితో కడిగితే చాలా అరుదుగానైనా, మెదడుకి ఎక్కే అమీబా లోపలికి పోయే ప్రమాదం ఉంది. ముక్కు కడగడానికి వాడే సీసాని రోజూ కడిగి ఆరబెట్టండి. స్టెరాయిడ్ స్ప్రే వాడమంటే తల కాస్త ముందుకి వంచి, కుడి రంధ్రానికి ఎడమ చేత్తో, ఎడమ రంధ్రానికి కుడి చేత్తో పట్టుకుని, మొన అదే వైపు కంటి బయటి కొస దిక్కుగా పెట్టి కొట్టాలి. నడిమి గోడ మీద కొడితే రక్తం వస్తుంది. గట్టిగా పీల్చకండి, గొంతులోకి పోతుంది. ఇది చుక్కల మందులా నిమిషాల్లో తెరవదు, పూర్తి ఫలితానికి కొన్ని వారాలు పడుతుంది. మూడు రోజులు కొట్టి పనిచేయలేదని మానేసేవాళ్ళే ఎక్కువ. ఆవిరి పడితే హాయిగా ఉంటే పట్టండి, జబ్బుని మాత్రం నయం చేయదు. పిల్లలకి మాత్రం మరిగే నీటి గిన్నె దగ్గర పట్టించవద్దు, ఒళ్ళు కాలి వచ్చే పిల్లల్ని చూస్తూనే ఉన్నాం. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ముక్కు దిబ్బడ మాత్రలు సొంతంగా వేసుకోకూడదు.

మీరు ప్రస్తుతానికి చేయాల్సింది, మూడో యాంటీబయాటిక్ కోర్సు మొదలుపెట్టకుండా ఓ నెల రోజులు రాసి పెట్టుకోవడం. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు పోయింది, వెలుతురు ఇబ్బంది పెట్టిందా, ముక్కులోంచి ఏమైనా వచ్చిందా, ఏ మాత్ర వేసుకున్నారు. నొప్పి మాత్రలు నెలలో ఎన్ని రోజులు వేసుకుంటున్నారన్నది తప్పకుండా రాయండి. మామూలు నొప్పి మాత్రలు నెలకి 15 రోజులు, కొన్ని రకాలైతే 10 రోజులే, అలా మూడు నెలలకి మించి వాడితే వాటి వల్లే తలనొప్పి వస్తుంది. ఆ కాగితంతో ఒకసారి ముక్కులోకి ఎండోస్కోప్ పెట్టి చూసే డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. నొప్పి ఉన్న రోజునే వెళ్తే మరీ మంచిది. అప్పుడు కూడా లోపల శుభ్రంగా ఉంటే, తర్వాత వెళ్ళాల్సింది న్యూరాలజిస్ట్, అంటే నరాల డాక్టర్ దగ్గరికి. మైగ్రేన్‌కి మంచి మందులున్నాయి.

కొన్ని గుర్తులు కనపడితే ఈ రాతకోతలేవీ వద్దు, నేరుగా అత్యవసర విభాగానికి వెళ్ళాలి. కంటి చుట్టూ వాపు, ఎరుపు, కన్ను ముందుకి పొడుచుకు రావడం, ఒకటి రెండుగా కనపడటం, చూపు తగ్గడం. నుదుటి మీద మెత్తగా వాపు తేలడం. తీవ్రమైన తలనొప్పితో మెడ పట్టేయడం, మత్తుగా, తికమకగా ఉండటం, ఫిట్స్. షుగర్ అదుపులో లేనివాళ్ళకీ, స్టెరాయిడ్లు ఎక్కువగా వాడినవాళ్ళకీ ముఖంలో ఒకవైపు నొప్పి, తిమ్మిరి, ముక్కులోనో అంగిట్లోనో నల్లటి మచ్చ కనపడితే అది బ్లాక్ ఫంగస్ కావచ్చు, గంటలు కూడా విలువైనవే. ఒకే వైపు దిబ్బడతో పదే పదే రక్తపు చారలు వస్తుంటే అత్యవసరం కాకపోయినా కొద్ది రోజుల్లోనే చూపించుకోవాలి, అరుదుగా లోపల గడ్డ ఉండొచ్చు. తలకి దెబ్బ తగిలాకో, ఒక్కోసారి ఏ దెబ్బా లేకుండానో, వంగినప్పుడల్లా ఒకే రంధ్రంలోంచి స్వచ్ఛమైన నీరు టపటపా పడి ఉప్పగా అనిపిస్తే అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు. వీలైతే ఆ చుక్కల్ని శుభ్రమైన చిన్న సీసాలో పట్టి పరీక్షకి తీసుకెళ్ళండి, డాక్టర్ చూసేదాకా ముక్కు మాత్రం చీదకండి.